లోపలి డిస్కు

గద్వాల బస్టాండు ఎనక, పట్టపగలు షట్టర్ దించిన కంప్యూటర్ దుకాణం. మిషన్ ముందు స్వరూప, ఆమె నెత్తి మీద గొడ్డలి పట్టుకుని విత్తనాల గోదాం సూపర్వైజర్ భీమన్న, కింద చెయ్యి ఇరిగి పడున్న ఆమె పెనిమిటి హరీష్.

"నీ మొగుని రెండో చెయ్యి సుత ఇరగ్గొట్టాల్నా?"

"వద్దు భీమన్నా. చేస్తున్న గద. గొడ్డలి జర కిందికి దించు."

"దించ. మీటలు కొట్టు. ఏం కొడుతున్నవో నోటితోని చెప్పుకుంట కొట్టు."

"డీడీ, ఇది డిస్కుల కాపీ కమాండు... ఐఎఫ్ అంటే ఏడికెంచి తీస్కోవాలె, ఓఎఫ్ అంటే ఏడ రాయాలె. ఓఎఫ్ కాడ ఏ పేరు పెడ్తే అది మొత్తం తుడుచుకపోతది. మళ్ల అడగదు."

"ఇప్పుడేం పేరు పెట్టినవ్?"

"ఎస్‌డీబీ. అది పెన్‌డ్రైవ్. ఎస్‌డీఏ అంటే లోపలి డిస్కు, దాన్ని ముట్టొద్దు. ఈ పెన్‌డ్రైవ్ తయారైతే, పాస్‌వర్డ్ లేకున్నా నువ్వు తెచ్చిన గోదాం లాప్‌టాప్ దీంతోని లేస్తది. అండ్లున్నదంత అప్పుడు తుడవొచ్చు."

"కానీయ్."

"అన్నా, ఆ లాప్‌టాప్‌నే పలగ్గొట్టి కాలువల ఏస్తే అయిపోతది గద. మా పానమెందుకు తీస్తున్నవ్?"

"నాకే తెలివి నేర్పుతున్నవా? గోదాం కెమెరా వీడియో అండ్లనే ఉందని ఎస్సైకి తెల్సు. రేపు పొద్దుగాల టేషన్ల ఇయ్యాలె. మిషన్ ఉండాలె, వీడియో ఉండొద్దు."

"హమాలి రాజన్నను నువ్వు నరికింది... అంత పడ్డదా అన్నా?"

"పడ్డది. అందుకే వచ్చిన."

"స్వరూపా, చెయ్యకు. ఆ హమాలికి ఇద్దరాడపిల్లలు..."

"నువ్వు ఊకో హరీష్. అన్నా, తన్నకు, ఆయన్ని తన్నకు, నీ కాలు మొక్కుత. అయిపోయింది. ఇగో, లాప్‌టాప్‌కు పెడ్తున్న. లేసింది, సూడు."

"ఆఁ. ఇప్పుడు ఓఎఫ్ కాడ ఎస్‌డీఏ పెట్టు."

"ఎస్‌డీఏ కాదన్నా. ఈ లాప్‌టాప్‌ల పెన్‌డ్రైవే ఎస్‌డీఏ. లోపలి డిస్కు పేరు వేరే, ఎన్‌వీఎంఈ అని, ఇగో."

"ఇందాక ఏమన్నవ్? ఎస్‌డీఏ అంటే లోపలి డిస్కు అనలే?"

"అది మా మిషన్ల. మిషన్ మారితే పేరు మారుతది."

"గడియకో మాటనా? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? ఇగో, తిను."

"అమ్మా... కొట్టకన్నా. ఒట్టు. ఎస్‌డీఏ పెడ్తే వీడియో అట్లనే ఉంటది."

"ఇంకొక్క మాటన్నవంటే వీని తల ఉండదు. ఎస్‌డీఏ."

"సరే. నీ ఇష్టం. ఎస్‌డీఏ... కొట్టిన."

"తెర నల్లగైంది. ఎన్ని మీటలొత్తినా ఉలుకు లేదు, పలుకు లేదు."

"తుడుచుకపోయిందన్నా."

"ఇటియ్యి. నోరిప్పిన్రో, మళ్ల వస్త."

"పోయిండా స్వరూపా?"

"పోయిండు. లే, దవాఖానకు పోదాం."

"నీ నోట్లెంచి రక్తం కారుతుంది. ఇన్ని దెబ్బలు తిని ఏం లాభం? రాజన్న పెండ్లానికి ఏ మొకం పెట్టుకుని కనిపిస్తం? ఎన్‌వీఎంఈ అని ఇంత మంచి అబద్ధం ఎత్తుకున్నవ్, జర గట్టిగ నిలబడాల్సింది."

"అబద్ధం ఏడిది? నా నోటి మాట వాడు నమ్మడని తెలిసే నిజం చెప్పిన. పోయింది మన పెన్‌డ్రైవ్, లాప్‌టాప్ దాని మీదనే నడుస్తుండె, అందుకే తెర నల్లగైంది. ఆ వీడియో రేపు వాని చేతులతోనే ఎస్సైకి ఇస్తడు."