పెద్దమనిషి అరుగు మీద కవ్వం

నాంచారమ్మకి ఇరవయ్యారేళ్లు, జుట్టు ముడేసుకోకుండా ఎవరి మాటకీ జవాబు చెప్పేది కాదంట. ఎవరన్నా ఒక మాటంటే ముందు రెండు చేతులూ ఎత్తి, జుట్టంతా వెనక్కి లాగి, గట్టిగా ముడేసుకుని, అప్పుడు నోరు తెరిచేది. కాపరానికొచ్చిన కొత్తలో అత్త నవ్వేదంట, ఇదేందమ్మా, మాటకీ జుట్టుకీ సంబంధమేందని. ఆ అత్తా పోయింది, మొగుడు బ్రహ్మయ్యా పోయాడు. పాము కరిచిందో, జొరమొచ్చిందో, ఏదో ఒకటనుకో, మన కథకి ఆయన పోవడమే కావాల. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది ఈమె, ఈమె బావ చెంచయ్య, ఆయన పెళ్లాం పిల్లలు. ఇంకో ప్రాణం కూడా ఉందిలే, పుట్టింటోళ్లు పసుపుకుంకం కింద తోలిచ్చిన గేదె. అది ఈమె సొంతం, దాని జోలికెవరూ రారు.

ఇప్పుడు ఏమైందంటే, కర్మలన్నీ అయిపోయినాక చెంచయ్య ఈమెను పిలిచి, నువ్వు గొడ్లసావిట్లో పడుకో, పడమటిల్లు నా పెద్దోడికి కావాల అన్నాడంట. మరి నా మొగుడి వాటా మాటేంది బావా అనింది ఈమె. మొగుడే లేనిదానికి వాటా ఏందే, ఇంత ముద్ద పెడతాం, పాలు పితికి, చల్ల చేసి, ఇంటిల్లిపాదికీ పోస్తా పడుండు, అన్నాడు ఆయన. ఆమె జుట్టు ముడేసుకుంది. "చల్ల చెయ్యడానికేం బావా, చేస్తా. నా గుంజ దగ్గర చేసుకుంటా," అందంట.

గుంజంటే మీకేం తెలుస్తుందిలే, మీరంతా మిక్సీలో గిర్రున తిప్పేవాళ్లు. కవ్వాన్ని నిలువుగా ఆనించి కట్టేదానికి ఇంట్లో ఒక కొయ్య పాతుకునేవాళ్లు. కుండ ముందర పెట్టుకుని, తాడు ఇటు లాగి అటు వదిలి చిలికేవాళ్లు. అన్నదమ్ములు వేరుపడితే ఎవరి వాటాలో వాళ్లు గుంజ పాతి, వాళ్ల ఆడోళ్లు చల్ల చేస్తే, ఆ మొదటి చల్ల ఊరి పెద్దమనిషి వచ్చి తాగి పోవాల. తాగాడా, ఇక ఆ వాటాకి తిరుగు లేదు. అదీ ఆ ఊరి ఆచారం. అందుకని నాంచారమ్మ తుమ్మమొద్దు చెక్కించుకొచ్చి పడమటింట్లో పాతింది. గడ్డి కోసుకుని వచ్చేసరికి చెంచయ్య పీకి బయట పారేశాడు. మళ్లీ పాతింది. ఈసారి పీకి, చీల్చి, పొయ్యిలో పెట్టించాడంట. ఆ పూట అన్నం ఆ గుంజ మంట మీదే ఉడికింది. ఆమె ఆ అన్నమే తిని, కడుపు నిండా తిని, పెద్దమనిషి దగ్గరికి పోయింది.

పెద్దమనిషి పేరు కొండల్రాయుడు. మంచోడే, చెడ్డోడని చెప్పను, కాకపోతే ఎవరింట్లో ముందు భోంచేస్తే వాళ్ల న్యాయం ఆయనకి బాగా అర్థమయ్యేది. నలుగురినీ కూర్చోబెట్టాడు. మగాళ్లంతా ఆ సంగతిని పొద్దుటినించి పొద్దుగూకేదాకా చిలికారంట, వెన్నా లేదు, చల్లా లేదు, నురగే. చిలకడమంటే గుర్తొచ్చింది, పాలసముద్రాన్ని దేవుళ్లూ రాక్షసులూ కలిసి ఒక్కసారి చిలికి పురాణం రాయించుకున్నారు గదా. మన అమ్మలూ అమ్మమ్మలూ రోజూ పొద్దున్నే చిలికారు, వాళ్ల మీద పద్యమేదన్నా ఉందా చూసి చెప్పండి. మన ఈరమ్మ అల్లుడు ఫైనాన్సు కంపెనీలో పనిచేస్తా, డబ్బు తిప్పుతున్నాం అత్తా అంటాడంట. అదీ చిలకడమే నాయనా, తాడు లాగేది ఊరు ఊరంతా, పైన తేలింది తీసుకునేవాడు ఒకడు. సరే, కథలోకి రండి. కొండల్రాయుడు గొంతు సవరించుకుని, "ఆడమనిషి పేరు మీద గుంజ పాతే రివాజు లేదమ్మా, అది మగాడి వాటాకి పాతేది," అన్నాడు. "మరి చిలికేది మగాడేనా బాబాయ్?" అంది నాంచారమ్మ. కూర్చున్నోళ్లలో ఒకాయన నవ్వబోయి దగ్గాడు. "అయితే ఆచారమేందో సరిగ్గా చెప్పు బాబాయ్, నలుగురూ వింటారు," అంది. ఆయనకి ఆచారం చెప్పడమంటే మహా ఇష్టం. "వేరుపడ్డ మనిషి కవ్వం కట్టి చిలికిన మొదటి చల్ల పెద్దమనిషి తాగితే, ఆ కవ్వం కట్టిన చోటు వాళ్లదైపోయినట్టు. ఆనక బ్రహ్మదేవుడొచ్చినా కాదనేదానికి లేదు," అన్నాడు. ఆమె తలూపి ఇంటికి పోయింది. చూశావా, అణిగింది, అనుకున్నాడు చెంచయ్య.

మర్నాడు పొద్దున్నే కొండల్రాయుడు వేపపుల్ల నములుతా బయటికొస్తే, ఆయన అరుగు మీద, ఆయన వసారా స్తంభానికి కవ్వం కట్టి, నాంచారమ్మ చల్ల చేస్తా ఉందంట. "ఏందమ్మా ఇది?" "బావ ఇంట్లోంచి వేరొచ్చేశా బాబాయ్. గుంజ పాతుకునే జాగా లేకపాయె. గేదె పాలు ఊరికే పోతాయని ఇక్కడ కట్టుకున్నా." తిరిగే కవ్వాన్ని ఆపమంటే ఇంట్లో పాడి పోతుందని ఆయనకి భయం. పైగా ఆయన గేదె వట్టిపోయి ఉంది. సర్లే, పాపం, చేసుకుపో అన్నాడు. ఆయన పెళ్లాం శేషమ్మ గిన్నె పట్టుకొచ్చి, "నాంచారూ, కాస్త పొయ్యవే," అంది. ఈమె గిన్నె నిండా పోసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట.

మధ్యాన్నం చెంచయ్య పెద్దమనిషిని బుజ్జగించుకుందామని వచ్చి, అక్కడే భోజనానికి కూర్చున్నాడు. శేషమ్మ ఇద్దరికీ చల్ల పోసి, అక్కడే నిలబడి, "ఎట్టుందయ్యా చల్ల?" అని అడిగింది. ఎన్నడూ అడగని మనిషి. "చిక్కంగా ఉందే, ఇంకాస్త పొయ్యి," అన్నాడు కొండల్రాయుడు. చెంచయ్య ఆకు ఎత్తి జుర్రుకున్నాడు.

ఎండ దిగి చల్లపొద్దయినప్పుడు నాంచారమ్మ గేదెను తోలుకుని, చాప, మూట, కుండా తీసుకుని వచ్చింది. గేదెను వసారా స్తంభానికి కట్టి, అరుగు మీద చాప పరిచింది. జనం పోగయ్యారు. "ఇదేం పనే?" అన్నాడు కొండల్రాయుడు. ఆమె జుట్టు ముడేసుకుంది. "వేరుపడి చిలికిన మొదటి చల్ల నువ్వు తాగావు బాబాయ్. ఇంకాస్త పొయ్యమని అడిగి మరీ తాగావు. కవ్వం కట్టింది ఇక్కడ. ఈ అరుగు నాది." "స్తంభం నాది గదే?" "గుంజ ఎవరిదని నువ్వు చెప్పలా. చిలికిందెవరు, తాగిందెవరు, అదే చెప్పావు." ఆడదానికి ఈ ఆచారం చెల్లదు, పో, అని ఆయన చెయ్యి ఊపేసరికి, గుమ్మంలోంచి శేషమ్మ, "నెమ్మదిగా అనయ్యా. ఈ ఇల్లు మీ అన్నకి పోకుండా మనకొచ్చింది, నేను చిలికిన మొదటి చల్ల అప్పటి పెద్దమనిషి మీ నాయన తాగబట్టే గదా. ఆడదాని చల్ల చెల్లదంటే, ఈ ఇంట్లో వాటా అడిగేదానికి మీ అన్నకొడుకులు అక్కడే నిలబడి వింటున్నారు," అందంట. నిజంగానే ఆ ఇద్దరూ గోడకి ఆనుకుని, చెవులు ఇంతింత చేసుకుని నిలబడి ఉన్నారు.

కొండల్రాయుడు ఆ ఇద్దర్నీ చూసి, ఊపిన చెయ్యి దించేశాడు. గేదె ఆయన అరుగు పక్కనే పేడేసింది, అది కూడా ఇల్లు చూసుకున్నట్టే ఉంది. ఆయన చెంచయ్య వైపు తిరిగి, "ఏం చూస్తా ఉన్నావురా, పోయి పడమటింట్లో గుంజ పాతించు," అన్నాడు. "నా ఇంట్లోనా మావా?" "లేకపోతే నా ఇంట్లోనా?" "ఆచారం లేదంటిరి." "ఉంది. ఇప్పుడే గుర్తొచ్చింది. నువ్వు తాగలా ఆ చల్ల, జుర్రుకుని తాగలా?" ఆ పొద్దు గూకకముందే గుంజ పడింది, పాతింది చెంచయ్యే, తన చేతుల్తో. మర్నాడు ఆమె అక్కడ చిలికితే, కొండల్రాయుడు అందరి ముందూ రెండు గ్లాసులు తాగి, పడమటిల్లూ, సగం చేనూ నాంచారమ్మవని చెప్పి మూతి తుడుచుకున్నాడంట.

అదమ్మా సంగతి. ఆచారం అడ్డమొచ్చింది అంటారే, అది ఎవరి నోట్లో ఉందో చూసుకోవాల ముందు. తెలివిగలదని ఊరు ఆమెను మెచ్చుకుందంట, మెచ్చుకోవడానికి ఖర్చేముంది, న్యాయం చెయ్యమన్నప్పుడు గదా ఒక్కడి నోరూ పెగల్లేదు. నాంచారమ్మ ఆ పైయేడు పక్కూరి బండి తోలే ఆయన్ని పెళ్లి చేసుకుని తనింటికే తెచ్చుకుంది, చేను మాత్రం తన పేరు మీదే ఉంచుకుంది.