భీమన్న నడక

అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ రాజేశ్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పిల్లలకు, ముందు వరుసలో కూర్చున్న సమ్మవ్వకు నమస్కారం. ఇరవై రెండేళ్లుగా మన జంతుశాస్త్ర ల్యాబును కంటికి రెప్పలా చూసుకున్న అటెండరు భీమయ్య గారు, మనందరి భీమన్న, సమ్మవ్వ భర్త, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్నారు. నన్ను అయిదు నిమిషాలే మాట్లాడమన్నారు. మైకు నా చేతికొస్తే ఏమవుతుందో తెలిసిన మహిపాల్ సార్ అప్పుడే గడియారం చూస్తున్నారు. (నవ్వులు)

ఏటా చిన్నమెదడు పాఠం రోజున భీమన్న స్లైడు పెట్టి, మైక్రోస్కోపు సరిచేసి, గోడ పక్కన నిలబడేవాడు. అందులో కొమ్మల్లా విచ్చుకున్న పర్కింజి కణాలు ఎవరూ అడగకుండానే సెకనుకు పదుల సార్లు సంకేతాలు పంపుతాయని, పక్కనున్న చిన్న కణాలు వాటిని కాసేపు ఆపుతాయని, అసలు పర్కింజి కణాలు పంపేది కూడా ‘ఆగు’ అనే సంకేతమేనని, అవి ఊరుకున్నప్పుడే లోపలి కణాలు చురుగ్గా పనిచేస్తాయని నేను చెబుతుంటే, ఒక ఏడాది సింధూజ అనే అమ్మాయి లేచి, "అంతా ఆపుడే అయితే చెయ్యి ఎట్ల కదులుతది మేడమ్?" అంది. నేను పుస్తకం తిరగేస్తున్నాను. గోడ దగ్గర నుంచి భీమన్న, "చాయ్ గ్లాసు నోటికాడ ఆగకుంటే పండ్లకు తాకుతది గద బిడ్డా" అన్నాడు. ఆ పాఠం అప్పటినుంచీ ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను, ఆయన పేరు మాత్రం చెప్పకుండా. (నవ్వులు)

ఇక చెప్పబోయేదానికి నవ్వకండి. రెండేళ్ల కింద, ప్రాక్టికల్ పరీక్షల ముందు, భీమన్న కాళ్లు ఎడంగా వేస్తూ, తూలుతూ వచ్చి స్లైడ్ల పెట్టె జారవిడిచాడు. తాగి వచ్చాడని స్టాఫ్‌రూములో అన్నాను. ఫిర్యాదు కూడా రాసిచ్చాను. మరునాడు సమ్మవ్వ గేటు దాకా వచ్చి, "మా ఆయన కల్లు ముట్టక పదేండ్లాయె మేడమ్, దగ్గరికొచ్చి వాసన చూడుండ్రి" అంది. నేను వెళ్లలేదు. నాలుగు నెలలకు కరీంనగర్‌లో డాక్టరు స్కానింగ్ చూసి, ఈయన చిన్నమెదడులో కణాలు తగ్గిపోతున్నాయన్నారు. మందు తాగినా దెబ్బతినేది చిన్నమెదడు పనే, అందుకే రెండు నడకలూ ఒక్కలా కనిపిస్తాయి. పంతొమ్మిదేళ్లుగా నేను చెబుతున్న పాఠం నా ఎదుటే తూలుతూ నడిస్తే గుర్తుపట్టలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. ఆ కాగితాన్ని ప్రిన్సిపాల్ గారు ఈ పొద్దునే సర్వీస్ రిజిస్టర్‌లో పెట్టించారు. కానీ నేనన్న మాట మల్లాపూర్ బస్సెక్కి వాళ్ల ఊళ్లో వాడకట్టు దాకా పోయింది. కాగితం అంత దూరం పోదు. అందుకే మైకులో చెబుతున్నాను. భీమన్న ఆ రోజు తాగలేదు. తప్పు నాది. సమ్మవ్వా, నీ మాట నమ్మనందుకు నన్ను మన్నించు.



ఓపిగ్గా విన్నందుకు అందరికీ ధన్యవాదాలు. సన్మానానికి భీమయ్య గారిని వేదిక మీదికి పిలవమని చీటీ అందించారు. ఈ మెట్లు ఎక్కడం ఆయనకు కష్టం. భీమన్నా, నువ్వు లేవకు. శాలువా పట్టుకుని మేమే కిందికి దిగి వస్తున్నాం. సెలవు.