బతికిన కాలేజీకి చేపల గంప

సముద్రం పోటు మీదుండి తెప్పలు దించలేని రోజు మా జువ్వలదిన్నెలో రెండే పనులు. చిరిగిన వలలు బాగుచేసుకోవడం, పోలేరయ్య మామ కోతలు వినడం. అరవై ఏడులో అలాంటి ఒక పగలు ఆయన ఇంటి పంచలో కూచున్నాం. నేను, కామాక్షయ్య, రమణయ్య, మామ కూతురు పేరమ్మ. ఎండుచేపల కోసం బిట్రగుంట నుంచి వచ్చిన తిమోతి గారు కూడా వాన వెలిసేదాకా మాతో కూచున్నాడు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన.

కొత్త మనిషి దొరికితే మామ నోరు ఊరుకోదు. మద్రాసు కథ ఎత్తుకున్నాడు. అది మేం వందసార్లు విన్నదే. ఆయన భార్య, మా చెంచమ్మత్త పోయిన రెండేళ్ళలో ఇంకా పెరిగింది. ఊళ్ళో దాన్ని నమ్మేది ఒక్క పేరమ్మేనని అనుకునేవాళ్ళం. పదమూడేళ్ళ పిల్ల, ఆ కథను ఎవరైనా కాదంటే పోట్లాటకు దిగేది. తల్లి లేని ఆ బిడ్డ ముందు తాను అబద్ధాలకోరుగా తేలిపోతానేమోనని, మామకు ఉన్నదల్లా ఆ ఒక్క భయం. అందుకే మేం నవ్వేవాళ్ళం గాని, కథకు అడ్డం పోయేవాళ్ళం కాదు.

“నయాపైసలొచ్చిన ఏడు సామీ. ఈ పేరమ్మకు మూడేళ్ళు నిండలా. ఎవుడో పటంలో ఏనుగును చూపించినాడు, ఆ పొద్దు నించి ఏనుగు కావాలని ఒకటే ఏడుపు. మద్రాసులో మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అని, జూను బతికిన కాలేజీ అని అంటారు గదా, చచ్చిన జంతువులు మనకెందుకు, బతికినవే చూద్దామని బండి కట్టినా. కొత్త చోటికి ఉత్త చేతుల్తో పోతామా? జంతువులైతే మాత్రం, మర్యాద మర్యాదే గదా. గంప నిండా పచ్చి చేపలెత్తుకున్నా. నెత్తిన గంప, సంకన పిల్ల, ఎనక మా చెంచమ్మ. రైలెక్కినాం, దిగినాం. ఇందులో గొప్పేం లేదు.”

“ఇంతవరకు లేదు,” అన్నాడు కామాక్షయ్య.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు పులి కాడికి పోయినాం. అది మూడు దినాలుగా ఏమీ ముట్టలేదంట, కాపలావోళ్ళు తలలు పట్టుకోనుండారు. నేను గంప దించి, ఒక వంజరం చేపను తీసి, మొప్ప ఎత్తి ఎర్రగా చూపించినా. పులి వాసన చూసి మూతితో పక్కకు తోసేసింది. ఎందుకో తెలుసా? అది ముందునాటి చేప సామీ, పొరపాటున గంపలో పడింది. నెల్లూరు ఆడోళ్ళు గూడా అంత కనిపెట్టలేరు. అడుగు నించి తాజాది తీసిచ్చినా, ముల్లు మిగల్చకుండా తినింది. తిని, వొచ్చి బిడ్డ కాళ్ళకాడ తల పెట్టి పండుకునింది.”

“బోను లోపలా, బయటా?” అని రమణయ్య అడిగాడు.

“బయటే. తలుపు తీసింది నేనే గదా. ఇంక ఏనుగు. పేరమ్మను చూడంగానే తొండంతో ఎత్తి ఈపు మీద కూచోబెట్టుకునింది. దించమంటే దించదే. సరే పదమని చెంచమ్మనెక్కించి నేనూ ఎక్కినా. అది గేటు దాటి, మద్రాసు రోడ్ల మీద పడి, నేరుగా పోయి సముద్రంలో దిగింది. తెప్ప మీద పుట్టినోళ్ళం, మనకు భయమా? దక్షిణపు గాలి బాగుండాది. చెంచమ్మ మూటలో ఎర్ర కోక తీసి తెరచాప కట్టినా. చుక్కాని కోతికిచ్చినా.”

“కోతి యాడ నించి వొచ్చింది?” అన్నాడు కామాక్షయ్య.

“మాతోనే వొచ్చింది, చెప్పడం మరిచినా. సింహం గూడా వొచ్చింది.”

“సింహం నీళ్ళలో దిగిందా మామా?” అన్నాను నేను.

“దిగలా. చెంచమ్మ పక్కన కూచునింది. మర్యాద తెలిసిన సింహం, ఆడమనిషని ఇంత ఎడం వొదిలి కూచునింది. చెంచమ్మ దాని జూలు చూసి, పాపం నూనె పెట్టి ఎన్నాళ్ళైందోనని బుడ్డి తీసి నూనె రాసి దువ్వింది. అట్టాంటి మనిషి అది. ఎవురి తల చింపిరిగా ఉన్నా చూడలేదు. పులికాటు సరస్సు దాటేటప్పుడు సముద్రపు కొంగలు వేలకు వేలు లేచి, బిడ్డకు ఎండ తగలకుండా ఒడ్డుదాకా నీడ పట్టినాయి. రైలు కంటే ముందు ఊరు చేరినాం. అందర్నీ ఇంటికి తీసకొచ్చి...”

“పోలేరయ్యా,” అన్నాడు తిమోతి గారు, “ఆ దినం బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద డ్యూటీలో ఉండింది నేనే.”

తిమోతి గారు ఎగతాళి చేసే మనిషి కాడు. జ్ఞాపకం వచ్చింది, చెప్పేశాడు. పచ్చి చేపల గంపను మనుషుల పెట్టెలోకి ఎక్కనివ్వరు, గార్డు పెట్టెకు బుక్ చేయించుకోమన్నారట. గంప వదిలేసి రమ్మని చెంచమ్మత్త బతిమాలినా, చూడబోయే జంతువులకు ఏం పెట్టాలని మామ వాదానికి దిగాడట. ఆ వాదంలోనే మద్రాసు పాసింజరు వెళ్ళిపోయింది. ఏనుగేదని పిల్ల ప్లాట్‌ఫారం మీద పడి పొర్లి ఏడ్చింది.

“అప్పుడు నాలుగు కాళ్ళ మీద వంగినోడివి నువ్వే గదా? తువ్వాలు తొండంగా కట్టుకుని, బిడ్డను ఈపు మీదెక్కించుకుని, ఈ కొస నించి ఆ కొసకు పొద్దుగూకేదాకా తిరిగినావు. ఏనుగై కాసేపు, పులై కాసేపు. కూలోళ్ళు మూటలు దించి చూస్తా నిలబడిపోయినారు.”

మామ ఆయన వైపు చూడలేదు. కూతురి వైపు చూశాడు. తుఫానులో తెప్ప తిరగబడ్డ రోజు కూడా ఆయన మొహంలో అంత భయం నేను చూడలేదు. పేరమ్మ వల మీద నుంచి తలెత్తకుండానే మాట్లాడింది.

“నాకు మద్రాసు గుర్తులేదు నాయనా. ఏనుగు మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారడం, అమ్మ తిట్టుకుంటా కొంగుతో తుడవడం గుర్తుండాది.”

పేరమ్మ జరిగి, వల కొస పట్టుకోమని ఆయన చేతికిచ్చింది.

“చెప్పు నాయనా,” అంది. “ఇంటికొచ్చినాక సింహానికి అమ్మ ఏం పెట్టింది?”