చన్నీళ్ళ గిన్నె

మంచుకొండకు ప్రదక్షిణ చేద్దామని వచ్చిన అత్తాకోడళ్ళను గైడ్ ఆ ఉదయం వెనక్కి పంపేశాడు. అత్తగారి వేలికి మీటరు తగిలిస్తే ఆక్సిజన్ మరీ తక్కువ చూపించింది. కిందికి దిగే జీపులో కోడలు ఆవిడ చెయ్యి వదల్లేదు.

“ఆయాసంగా ఉందా అత్తయ్యా?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నీ తలనొప్పి తగ్గిందా?”

“నాకెక్కడి తలనొప్పి?”

“రాత్రంతా వాంతులు చేసుకుని, పొద్దున గైడ్ అడిగితే బాగానే ఉన్నానని బొంకావు. దిగిపోదామని నువ్వు చచ్చినా అనవు. అందుకే మీటరు పెట్టేముందు వేళ్ళు చన్నీళ్ళలో ముంచాను. వేళ్ళు చల్లబడితే అది తప్పు చూపిస్తుందట.”

కోడలు తల ఆవిడ భుజం మీద వాల్చేసింది. ఇక నొప్పి దాచుకోనక్కర్లేదు.

“ఇన్నేళ్ళ మొక్కు కదా అత్తయ్యా, నా కోసం వదిలేసుకున్నారా?”

“కొండ ఎక్కడికీ పోదు. నీకేమన్నా అయితే నా కొడుక్కి ఏం చెప్పను?”

“గైడ్‌కి తెలిస్తే ఊరుకోడు.”

“ఆ చన్నీళ్ళ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది ఎవరనుకున్నావు?”