పడవవాడి లెవెల్

మధ్యాహ్నమైనా కిటికీ అవతల మంచు వీడలేదు. వీధి మొత్తం నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. సాయంత్రం తమ్ముడూ స్నేహితులూ పాచికలతో ఆడబోయే సాహసాల ఆటకి దాన్ని నడిపే అక్క ఒక్కో పాత్ర బలానికి లెవెల్ అంకె రాస్తోంది. తమ్ముడు గీసిన పడవవాడి దగ్గర ఆమె పెన్సిల్ ఆగింది. అచ్చం నాన్నే.

“వీడికి లెవెల్ ఇరవై వెయ్యక్కా.”

“ఇరవయ్యా! సరస్సులోంచి పాము లేవగానే ఆయనే చంపేస్తాడు. మీ నలుగురు వీరులూ పడవలో కూర్చుని చప్పట్లు కొడతారా?”

“పోనీ, పది.”

“పదంటే కత్తి తిప్పినవాళ్ళకిరా. నాన్న నిమ్మకాయ కోస్తేనే వేలు తెగేది.”

“మంచులో కూడా నీళ్ళలో చెయ్యి పెట్టి దారి చెప్పేవాడుగా! దానికి లెవెల్ లేదా?”

“ఈ ఆటలో లెవెల్ కొట్లాటకే.”

ఆమె ఒకటి అని రాసింది.

“ఒకటా? పాము తోక తగిలితే చాలు, పోతాడు. మళ్ళీ నీళ్ళలోనేనా అక్కా?”

ఆమె రబ్బరు గుప్పిట్లో దాచేసుకుంది. రెండేళ్ళ కిందట నాన్న పడవ బోల్తా పడిన రోజు వీడు జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. ఆ తర్వాత సరస్సు వైపే వెళ్ళలేదు.

“రబ్బరిస్తావా, ఇవ్వవా?”

“ఇవ్వను. నీ యోధుడి లెవెలెంత?”

“ఆరు.”

“పాముది అయిదు. ఇది నీకు చెప్పకూడదు, చెప్తున్నాను.”

“అంటే... నేను ఆయనకి అడ్డంగా నిలబడితే?”

“అందుకే ఒకటి వేశాను. ఈసారి పడవలో నువ్వున్నావు కదరా.”