అర్జీ నీది, దర్జీ నేను

లడాయి రోజులు, బట్టకు కంట్రోలు. అమీర్‌పేటలో రాజనర్సయ్య దర్జీ కొట్టు. కొలతలిచ్చే మూలకు అడ్డంగా ఓ పాత దుప్పటి తెర. తెర ముందు మిషను మీద రాజనర్సయ్య. తెర వెనక, పెరటి తలుపు గుండా అప్పుడే వచ్చి దూరిన మేనల్లుడు హనుమాండ్లు.

“ముందుగల్ల షేర్వాణి విప్పి ఇటియ్యి. ముచ్చట తర్వాత.”

“ఏమైందని అడుగవా మామా?”

“అడుగుత. షేర్వాణియ్యి, అడుగుత.”

“పోయినేడు సీటు రాలేదని మళ్ల అర్జీ పెట్టి, యాడాది సంది కండ్లు మండేటట్టు చదివి, ఇయ్యాల ఇంటర్వ్యూకు పోయొచ్చిన. ఎమ్మే సీటు సంగతి అడుగవు, షేర్వాణి షేర్వాణి అంటవు.”

“ఎమ్మే అయితేంది, అమ్మే అయితేంది. మనం కుట్టేటోళ్లం, అమ్మేటోళ్లం. సరే, వచ్చిందా?”

“జర ఆగు. మొదటికెల్లి చెప్తెనే మజా.”

“నీకు మజా, నాకు సజా. ఈసారి సుత సీటు రాకుంటె సోమారం సంది మిషిను ముందట కూసుంటనని మీ అమ్మ ముందట ఒప్పుకున్నవ్. యాదికుందా?”

“యాదికుంది. మళ్ల చదువు ఊసెత్తనని సుత ఒప్పుకున్న.”

“పెరటి తలుపుకెల్లి ఎందుకొచ్చినవ్?”

“ముందట ఎండుంది.”

“పెరట్ల ఎండ లేదా?”

“జర తక్కువుంది.”

“షేర్వాణియ్యిరా. ఇస్త్రీ చెయ్యాలె.”

“నా షేర్వాణికి అంత తొందరేంది? నాకే కుట్టిన్నంటివి గద.”

“నీకే. కుట్టిన చెయ్యి నాది, తొడిగిన పెయ్యి నీది. ఇగ ఫికరేంది?”

“మరి ఎడమ భుజంల అంత దూది ఎందుకు పెట్టినవ్?”

“ఫ్యాషన్.”

“ఒక్క భుజానికేనా?”

“కంట్రోలు రోజులు. దూది సుత రేషనే.”

“సరే విను. నలుగురు కూసున్నరు. నడిమిట్ల పెద్దసాబు. పోయినేడు సుత ఆయన్నే.”

“పోయినేడు ఆయనడిగిన దానికే గద బోర్ల పడ్డవ్.”

“పడ్డనా, పడేసినవా? ‘పెద్దోళ్ల ముందట అణిగి ఉండాలె, నాకు షోకులేం లేవని చెప్పు’ అని రోజూ నూరిపోసిందెవరు?”

“మంచి మాటనే గద. దర్జీ ఇంటి పిలగాడు సోకుల రాయుడు అనుకుంటరేమోనని.”

“మంచి మాటనే. ఆయనేమో ఉర్దూల అడిగిండు, తారీఖ్ చదువుకు షౌక్ ఉందా అని. ఉర్దూల షౌక్ అంటె ఇష్టం. నాకు ఎరుకనే. ఎరుకుండి సుత, భయంల నువ్వు నూరిపోసిందే కక్కిన. ‘హుజూర్, నాకు ఏ షౌకూ లేదు. మా ఖాందాన్ల ఎవ్వలకూ లేదు.’”

“ఖాందాన్ సంగతి నేను చెప్పలే.”

“అది నా సొంతం.”

“అయినా తారీఖ్ అంటె చరిత్ర అంటవ్. గోడ మీద క్యాలెండర్ చూస్తె రోజుకో తారీఖు దొరుకుతది. దానికి ఎమ్మే ఎందుకో.”

“మామా, చెప్పనిస్తవా?”

“షేర్వాణి ఇస్తవా?”

“ఈసారి ఒక్కటే అనుకున్న. షౌక్ అన్న మాట వినబడంగనే మర్యాదగ, నిండుగ జవాబియ్యాలె. లోపటికి పోయిన. పెద్దసాబు నా ముఖం చూడలే. షేర్వాణి దిక్కు చూసిండు. కండ్లద్దాలు తీసిండు, తుడిచిండు, మళ్ల చూసిండు.”

“కుట్టు చూసుంటడు. నా కాజాలంటె కాజీలు సుత ఆగి చూస్తరు.”

“అటు తిరుగమన్నడు. తిరిగిన. ఇటు తిరుగమన్నడు. తిరిగిన.”

“ఇంటర్వ్యూల తిరుగుడేందిరా? చరిత్ర అడుగలే?”

“చరిత్రల మలుపులుంటయి గద మామా.”

“కండ్లద్దాల సాబా. గడ్డముందా?”

“ఉంది. తెల్లగ, పొట్టిగ కత్తిరించి.”

“గడ్డం అందరికుంటది. కూసుంటె ఎట్ల కూసున్నడు? భుజాలు సమానమేనా?”

“ఎడమ భుజం జర కిందికుంది. నీకెట్ల ఎరుక?”

“ఎరుక లేదు. ఊకె అడిగిన. యాడుంటడట?”

“పంజగుట్టల. ఎర్రమంజిల్ దిక్కు బంగళా అని ప్యూను చెప్పిండు.”

“ఆగు. దారం తెగింది.”

“మిషిను సప్పుడే లేదు గద మామా, తెగుడెట్ల?”

“తెగేది తెగుతది. నువ్వు చెప్పు. ఏమడిగిండు?”

“‘మియా, ఏ షౌక్ కహాఁ సే ఆయా?’ అన్నడు. ఈ షౌక్ యాడికెల్లి వచ్చిందని.”

“చదువు సంగతా, షేర్వాణి సంగతా?”

“నేను చదువే అనుకున్న. చేతులు కట్టుకొని, తల వంచి, ఎంత అదబ్‌తోని చెప్పిన్నో ఎరుకనా? ‘సబ్ ఆప్ హీ కా హై, హుజూర్.’ అంతా మీదే హుజూర్.”

“అంతా మీదే అన్నవా.”

“అన్న.”

“ఆయన ముఖం మీదనే.”

“నలుగురి ముందట.”

“ఏమన్నడు?”

“నవ్విండు. ఆయన నవ్వంగనే మిగిలిన ముగ్గురు నవ్విన్రు. బట్టకు కంట్రోలున్నది గని నవ్వుకు లేకపాయె. ప్యూను సుత తలుపు పట్టుకొని ఊగిండు. ఎందుకు నవ్వుతున్రో అప్పుడైతె నాకర్థం కాలే. మంచి మాటనే గద?”

“మంచి మాట కాదు బిడ్డా, నిజం మాట.”

“అంటె?”

“అంటె, నీకు కుడ్తనన్నది కుట్టలే. ముందుగల్ల బట్ట దొరకలే. బట్ట దొరికినంక గిరాకీలు తెమలలే. ఒక్క పూటకే గద అని పంజగుట్ట సాబు షేర్వాణి నీకు తొడిగి పంపిన. ఆయన ఏం నౌకరి చేస్తడో నాకేమెరుక? ఆయన కొలతలే ఎరుక. ఎడమ భుజం కిందికుంటదని దూది నేనే పెట్టిన.”

“ఫ్యాషన్ అంటివి.”

“ఆయనకు ఫ్యాషనే. షేర్వాణి తొడిగినోనివి వాణి జర అదుపుల పెట్టుకోవద్దా? నిండు సభల దొంగ సొమ్ము అప్పజెప్పినట్టు ‘అంతా మీదే’ అంటివి. అర్జీ నీది, దర్జీ నేను, ఇద్దరి దర్జా ఒక్క పూటల పాయె. నీ ఎమ్మే పాయె, నా గిరాకి పాయె. మా అక్కకు ఏం చెప్పాలె? ఇగ సోమారం దాక ఎందుకు, పీట జరుపుతున్న, ఇప్పుడే వచ్చి కూసో.”

“ఇప్పుడు రాలేను మామా.”

“ఎందుకు?”

“పెయ్యి మీద ఉత్త బనీనే ఉంది.”

“మనింట్ల మనకు సిగ్గేంది? ముందుగల్ల షేర్వాణి తెర మీదికెల్లి ఇటెయ్యి. మాపటికి సాబు నౌకరొస్తడు.”

“రాడు.”

“ఎట్ల రాడు?”

“షేర్వాణి నా దగ్గర లేదు మామా. బనీను మీదనే సైకిల్ తొక్కుకుంట వచ్చిన. ఖైరతాబాద్ కాడ పిలగాండ్లు పహిల్వాన్ పహిల్వాన్ అని ఎంబడి ఉరికిన్రు. పెరటి తలుపుకెల్లి ఎందుకొచ్చిన్ననుకున్నవ్?”

“అంటె ఇదంత నీకు ముందే ఎరుక.”

“ఎరుకనే. నీ నోటితోని విందామని ఆగిన.”

“నలుగురి ముందట గుంజుకున్నడా?”

“గుంజుకోలే. మర్యాదగ అడిగిండు. ఒక్కొక్క గుండీ మెల్లగ విప్పించిండు. అక్కడనే తొడుక్కొని, అద్దంల చూసుకొని, ఇన్నేండ్లకు భుజం సరిగ్గ కూసుందన్నడు.”

“భుజం కూసుంది సరే. నీ సంగతి?”

“నన్ను సుత కూసోమన్నడు. రేపటి సంది, క్లాసుల. వచ్చీరాని తెలుగుల నాతోని ఒక్క మాటన్నడు మామా: ‘సీటు నీది, కోటు నాది.’”