విశ్వాసమ్మ ఉతుకుడు బండ

పాస్టరయ్యగారికి, సంఘ పెద్దలకు, పాలిష్ ఫ్యాక్టరీల్లో సెలవు పెట్టుకుని వచ్చిన అన్నలకు, నీళ్లు వదిలే వేళయినా బిందెలు ఇంట్లోనే వదిలేసి వచ్చిన అక్కలకు, కడప నుంచి తొలి బస్సుకు దిగిన మా అత్తకు, అందరికీ వందనాలు.

నా పేరు జీవిత. విశ్వాసమ్మ మనుమరాలిని. మాట్లాడమని మా నాయన యేసుప్రసాద్‌ను అడిగారు. ఆయన మైకు వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అందుకని నేను నిలబడ్డాను.

మా అవ్వ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆ మధ్యాహ్నం అన్నం తిని, తన పళ్లెం తానే కడిగి బోర్లించి, చాప మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. మంచాన పడలేదు, ఎవరినీ ఒక గ్లాసు నీళ్లయినా అడిగి తాగలేదు. పోవడంలో కూడా దుబారా చేయలేదు మా అవ్వ. నవ్వొస్తే నవ్వండి. ఆమె ఏమీ అనుకోదు.

నేను ఈ పది రోజులూ ఏడ్చాను. ఆమె పోయినందుకు కొంత. నేను చేసిన ఒక తప్పుకు అంతకంటే ఎక్కువ. నిన్న సాయంత్రం ఆ బరువు దిగిపోయింది. ఇప్పుడు మీ ముందు నిలబడి ఊపిరి బాగా పీల్చుకోగలుగుతున్నాను. ఆ సంగతి ఇంట్లో నలుగురికి చెప్పి ఊరుకోవచ్చు. కానీ నేను ఆమెను పిసినారి అన్నది ఊరందరి ముందు. కాబట్టి ఇది కూడా ఊరందరి ముందే చెప్పాలి.

ఆమె పొదుపు గురించి మీకు నేను కొత్తగా చెప్పాలా? మా పెరట్లో దండెం మీద బట్టల కంటే పాల ప్యాకెట్లే ఎక్కువ ఆరేవి. ప్రతి ప్యాకెట్‌లో ఒక టమాటా నారు మొలిచేది, ఆ నారు మీ ఇళ్లకే వచ్చేది. నేను కర్నూలులో డిగ్రీలో చేరిన ఏడాది, నాకు ఒక సంచి కుట్టి ఇచ్చింది. దేనితో? మా తాత దాసన్న గొడుగు గుడ్డతో. "కడ్డీలు పోయినాయి గానీ గుడ్డకేమొచ్చె? సుక్క దిగదు. నీ కాగితాలు పెట్టుకో పాపా," అనింది. బస్టాండు దాకా చేత్తో పట్టుకున్నాను. హాస్టల్లో దిగగానే పెట్టె అడుగుకు తోసేశాను. నా స్నేహితురాళ్లవి రంగురంగుల బ్యాగులు మరి.

మన దిక్కు వాన పిలిస్తే రాదు. నేను సర్టిఫికెట్లు తీసుకున్న రోజు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చింది. రంగుల బ్యాగులన్నీ తడిసి ముద్దయ్యాయి. నా కాగితాల మీద చుక్క పడలేదు, ఎందుకంటే ఆ రోజు నా బ్యాగు జిప్పు పోయి, దిక్కులేక ఆ గొడుగు సంచి తీసుకుపోయాను. ఇంటికొచ్చి ఆ మాట ఆమెకు చెప్పానా? చెప్పలేదు. చెప్తే ఆమె గెలిచినట్టవుతుంది కదా.

అయితే అమ్మలారా, పొదుపు అంటే అన్నిటికీ చేయి బిగించడం అనుకునేది కాదు ఆమె. పోయినేడు కడపలో కంటి ఆపరేషన్‌కు పోతే, డాక్టరు కంటి లోపల పెట్టే అద్దాలు రెండు రకాలు చూపించాడంట. అవ్వ ఒకే ప్రశ్న అడిగింది: "ఏది శానా దినాలు పనిచేస్తాది నాయనా?" ఆయన చూపించినది, రెండింట్లో ఖరీదైనదే, పెట్టించుకుంది. పక్కనే ఉన్న మా అత్త నోరు తెరిచింది. మా అత్త ఇక్కడే ఉంది, అడగండి.

ఇంక నా తప్పు సంగతి.

మా తాత పోయినప్పుడు నేను మూడో తరగతి. సమాధుల పండుగ వచ్చినప్పుడల్లా మన తోటలో ప్రతి సమాధీ కడిగి, సున్నం కొట్టి, పూలు పెడతాం. బేతంచెర్ల పక్కన పుట్టిన వాళ్లం. నాపరాయి మనకు మట్టితో సమానం. అందరి సమాధుల మీదా నున్నటి పాలిష్ బండ, దాని మీద పేరు. మా తాత మీద? మట్టి దిబ్బ. చుట్టూ సున్నం పూసిన గుండ్రాళ్లు. బండలు మోసి మోసి భుజం కాయగాసిన మనిషి మీద ఒక్క బండ లేదు.

ఇంటర్ చదివే ఏడు, ఆ పండుగ రోజే, మీరంతా కొవ్వొత్తులు పట్టుకుని ఉండగా నేను అరిచాను. తాతకు ఒక బండ వేయడానికి కూడా నీకు చేయి రాదా, ఇంత పిసినారివా అని. గుర్తుంది కదా మీకు? నాకు బాగా గుర్తుంది. ఆమె కొవ్వొత్తి ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టుకుని, "వేస్తాలే పాపా. ఒగేసారి వేస్తా," అనింది. అంతే. ఒకేసారి అంటే ఏమిటని నేను అడగలేదు. అడిగే వయసు కాదు అది, అరిచే వయసు.

మా పెరట్లో ఒక ఉతుకుడు బండ ఉండేది. మనిషి పొడవు, ఒక మూల విరిగిన నాపబండ. రెండు దిమ్మెల మీద గరుకు పక్క పైకి పెట్టి ఉండేది. గుడ్డకు గరుకే కావాలి కదా. పదహైదేళ్లు దాని మీదే అవ్వ మా ఇంటి బట్టలన్నీ ఉతికింది.

నాకు నంద్యాలలో ఉద్యోగం వచ్చింది. మూడేళ్లలో అది నా మూడో ఉద్యోగం. "ఏమే, ఈ ఉద్యోగమన్నా రెండు ఉతుకులకు నిలుస్తాదా?" అని అడిగేది అవ్వ. నిలుస్తుందని చూపించాలని వాషింగ్ మిషన్ కొన్నాను. అప్పుడు ఆమె కంటి ఆపరేషన్ కోసం కడపలో ఉంది. మిషన్ పెట్టడానికి బండ అడ్డం. జయపాలన్నను పిలిచి, ట్రాక్టర్లో ఎత్తుకుపో, ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చెయ్ అన్నాను. నలుగురు పట్టి ఎత్తారు. నేను నిలబడి చూశాను. అడుగు పక్క చూశానా? లేదు. నా కళ్లు మిషన్ మీద ఉన్నాయి.

అవ్వ వచ్చింది. పెరట్లో నిలబడి, కొత్త కన్నుతో శానాసేపు చూసింది. "నా బండ యాడ పోయెనే?" అనింది. ఇంక దాని పనేముంది, మిషన్ ఉతుకుతుంది అన్నాను. "సరే. నీ మిషన్ మీద నా పేరు కొట్టిస్తావా మరి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె కోపమూ చేయలేదు, బతిమాలనూ లేదు. మిషన్ నుంచి పోయే నీళ్లకు పైపు తొడిగి కరివేపాకు చెట్టుకు మళ్లించింది. మిషన్ వచ్చిన అట్టపెట్టె కోసి తన పరుపు కింద పరుచుకుంది. మరుసటి వారం నుంచి సాయంత్రం అయితే కొళాయిల దగ్గరికి పోయి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు పదకొండు రోజుల కిందటికి రండి. ఆమెను తాత పక్కనే మట్టి చేసి వస్తున్నాం. మన సుందరం తాత, ఫ్యాక్టరీలో అక్షరాలు చెక్కిన సుందరం తాత, నా పక్కన నడుస్తూ మెల్లగా అడిగాడు. "బండ ఎప్పుడు తిప్పుతారు పాపా?"

ఏ బండ?

"మీ ఉతుకుడు బండ. మీ తాత పోయిన ఏడే చెక్కి ఇస్తి కదా. ఇద్దరి పేర్లూ. మీ తాత పేరు, కింద తనది. రెండు బండలు ఏంటికి, రెండుసార్లు ఎత్తించేది ఏంటికి, నేను పొయినాక ఒగేసారి తిప్పి వేయండి అనె మీ అవ్వ. తేదీలు వద్దా అంటే, దేవునికి తెలీదా అప్పా అనె. అంతదాకా ఖాళీగా ఏంటికి పడుండాల, గుడ్డలు ఉతుక్కుంటా అనె. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకునె."

అన్నలారా, ఇదీ నా తప్పు. తాతకు బండ లేదని ఆమె మీద అరిచిన నేనే, ఆ బండను ట్రాక్టర్ ఎక్కించి పంపించాను. ఇద్దరి పేర్లూ కలిపి పంపించాను.

జయపాలన్నను అడిగాను. నీళ్ల ట్యాంకు కట్టేచోట దింపేశానన్నాడు. ట్యాంకు కట్టిన మేస్త్రీకి ఫోన్ చేశాను. "అక్కడున్న బండలన్నీ పగలగొట్టి బునాదిలో వేసినాం మేడం," అన్నాడు. ఆ ఫోన్ తర్వాత కూడా నేను ఊరు తిరిగాను. మీ పశువుల తొట్ల కింద చూశాను. మీ కాలువల మీద వేసిన బండలు తిరగేయించాను. కొందరు విసుక్కున్నారు, క్షమించండి.

నిన్న సాయంత్రం రామసుబ్బమ్మక్క మా ఇంటికొచ్చింది. పది రోజులుగా మంత్రాలయంలో కూతురి దగ్గర ఉండి, నిన్ననే దిగింది. వాకిట్లోనే నిలబడి అరిచింది. "ఏమే జీవితా! ఊరంతా దేవులాడుతాండావంట! మీ అవ్వ దినామూ దేని మీద కూచునేదో సూడలేదా నువ్వు?"

చూశాను. అందరం చూశాం. ఆ ట్యాంకు పక్కనే ఉన్న కొళాయిల ముందు, బిందెలు దించుకునే బండ. నీళ్లు వచ్చేదాకా అక్కలు కూర్చునే బండ. అవ్వ ఎప్పుడూ ఒక చివరే కూర్చునేది. కుడి చెయ్యి బండ అంచు కిందికి పోనిచ్చి పట్టుకునేది. నేను ఎన్నోసార్లు చూశాను ఆ చెయ్యిని. ముసలామె, పడిపోకుండా పట్టుకుంటోంది అనుకున్నాను.

నిన్న నేను పోయి అక్కడే కూర్చున్నాను. చెయ్యి కిందికి పోనిచ్చాను. నున్నగా తగిలింది. ఆ నున్నదనంలో గాడి తగిలింది. వేలితో దాని వెంబడే పోయాను. 'వి'. ఆ అక్షరం మీది గుడి దగ్గర వేలు ఆగింది. అప్పటికి నాకు ఏడుపు రాలేదండీ. నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. బిందెలతో ఉన్న అక్కలు నాకేదో అయిందనుకున్నారు.

రామసుబ్బమ్మక్క చెప్పింది. మేస్త్రీ పగలగొట్టే లోపే, కూర్చోవడానికి పనికొస్తుందని అక్కలు ఈ ఒక్క బండను కొళాయిల ముందుకు జరిపించుకున్నారంట. కడప నుంచి వచ్చిన వారంలోనే అవ్వ ఆ విరిగిన మూల చూసి గుర్తుపట్టిందంట. ఇంటికి చేర్పిద్దామా అని అక్క అడిగితే, "ఏంటికి మే? ఇంట్లో అయితే ఒగ ఇంటి గుడ్డలకే. ఈడ ఊరి బిందెలన్నిటికీ పనికొస్తాండాది. నేను పొయినాక మా పాపకు ఇయ్యండి," అందంట. మరి ఆ పిల్లకు ఇప్పుడే చెప్పేదా అంటే, "చెప్తే అది దీన్ని కడిగి, పూలు పెట్టి, గోడకు ఆనిస్తాది. మళ్లా ఎవురినీ కూచోనీదు," అందంట.

నేను అక్కను ఒకటే అడిగాను. నా మీద కోపం లేదా ఆమెకు?

"కోపమా? నా బండను మంచి తావుకు పంపించె మా పాప, దానికే తెలీదు అని నవ్వేది మే," అంది.

ఆ ఒక్క మాట కోసం పది రోజులు తిరిగాను నేను. ఆమె నొచ్చుకుని పోలేదు. తన బండ మీద కూర్చుని, తన పేరు తడుముకుంటూ, మీతో కబుర్లు చెప్పుకుంటూ హాయిగా ఉంది.

ఈ పొద్దున ఫ్యాక్టరీ అన్నలు మూల విరిగిన ఇంకో బండ తెచ్చి కొళాయిల దగ్గర వేశారు. అడుగున నీ పేరు చెక్కేదా పాపా అని సుందరం తాత అడిగాడు. ఇంకా తొందరేం లేదులే తాతా అన్నాను. ఈ కూటం అయ్యాక మనమంతా తోటకు పోయి, అవ్వ బండను తిప్పి, తాత మీద, ఆమె మీద కలిపి వేస్తాం. ఒకేసారి.

చివరిగా ఒకటి అడుగుతాను. ఆమె చేతులు ఊరికే ఉండగా మనలో ఎవరూ చూడలేదు. పని లేకుండా నిమిషం నిలబడితే దండగ అనేది. ఆమెకు తెలియకుండా ఈ ఒక్క దండగ చేద్దాం. దయచేసి అందరూ లేవండి. చేతుల్లో ఉన్నవి కింద పెట్టండి. విశ్వాసమ్మ కోసం ఒక నిమిషం, మాట లేకుండా, ఏ పనీ చేయకుండా, నిలబడదాం.